రాగి దిమ్మ మీద నింద

వరసగా మూడో రోజు కూడా మిషను భోజనాల తర్వాతే చచ్చింది. సోమవారం పన్నెండూ నలభై ఆరుకు, మంగళవారం నలభై తొమ్మిదికి, ఇవాళ బుధవారం నలభై ఏడుకు. ఆఫీసు దగ్గరున్న షీజి స్టేషన్‌కు వచ్చే రైళ్లు కూడా ఇంత వేళ తప్పకుండా రావు. తెర మీద నిటారుగా పైకి పోయి తెగిపోయిన, వేడిని చూపే ఎర్ర గీతను చూసి జువాంగ్ లీమిన్‌కు ఒళ్లు మండిపోయింది.

లీమిన్ ఆ కంపెనీలో పదకొండేళ్లుగా కంప్యూటర్ల మదర్‌బోర్డులను పరీక్ష చేస్తోంది. బోర్డు మీదున్న ప్రాసెసర్‌ను, చేసినవాళ్లు చెప్పిన వేగం కన్నా బాగా ఎక్కువ వేగంతో పరిగెత్తించి, ఎక్కడిదాకా తట్టుకుంటుందో చూడాలి. అలా తరిమితే అది పొయ్యిలా కాగుతుంది. కాగకుండా దాని నెత్తిన ఒక రాగి దిమ్మ బిగిస్తారు. దిమ్మ లోపల దారప్పోగంత సన్నటి కాలవలుంటాయి. పంపు తోసిన నీళ్లు ఆ కాలవల్లో పారి, వేడిని మోసుకుని కిటికీ పక్కనున్న పెద్ద రేడియేటర్‌లోకి పోతాయి. రేడియేటర్‌కు బిగించిన తొమ్మిది ఫ్యాన్లు ఆ వేడిని ఊదేస్తే, చల్లారిన నీళ్లు మళ్లీ దిమ్మకొస్తాయి. వినడానికి ఇంతే. కానీ ఈ నాలుగు ముక్కలకే లీమిన్ జుట్టు సగం ఊడింది.

పరీక్ష ఇరవై నాలుగు గంటలు. అంతసేపూ ప్రాసెసర్ డెబ్బై రెండు డిగ్రీల దగ్గర బుద్ధిగా కూర్చోవాలి. నూరు దాటితే తనంతట తనే ఆగిపోతుంది. శుక్రవారం సాయంత్రంలోగా ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఇరవై నాలుగు గంటలూ నడిస్తే, వచ్చే నెల నాన్‌గాంగ్‌లో జరిగే కంప్యూటర్ల ప్రదర్శనలో ఆ బోర్డు లువో మేస్త్రీ చేసిన దిమ్మతో నిలబడుతుంది. నడవకపోతే మేనేజర్ యెన్ విదేశం నుంచి తయారు దిమ్మలు తెప్పిస్తాడు, మేస్త్రీకి ఇక సెలవు.

లువో మేస్త్రీని కంపెనీకి తెచ్చింది లీమినే. సాన్‌చోంగ్‌లో రెండు స్కూటర్లు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సినంత ఇరుకు సందులో ఆయన కార్ఖానా. ఒక మిల్లింగ్ మిషను, ఒక డ్రిల్లు, ఒక రేడియో, అంతే. ఆయన రాగిలో కోసిన కాలవల్ని రెండేళ్ల కిందట భూతద్దం పెట్టి చూసి లీమిన్ నోరు తెరిచింది. యెన్‌తో నెల రోజులు వాదించి, "పూచీ నాది," అని ఆర్డరు ఇప్పించింది. అందుకే ఇప్పుడు ఆమెకు మేస్త్రీ మీద వస్తున్న కోపం మామూలు కోపం కాదు. పరాయివాడు తప్పు చేస్తే వచ్చేది వేరు, మనం వెంటపెట్టుకొచ్చినవాడు నలుగురిలో మన తల దించితే వచ్చేది వేరు.

తప్పు ఆయనదేనని అనుకోవడానికి కారణం కూడా ఉంది. పాత దిమ్మలతో ఏ గొడవా లేదు. రెండు వారాల కిందట మేస్త్రీ కాలవల్ని ఇంకా సన్నగా కోసి కొత్త దిమ్మలు పంపాడు. వాటిలో ఒకదానితో ఈ సోమవారం పరీక్ష మొదలుపెట్టారు, మొదటి రోజే చచ్చింది. మధ్యలో జరిగిన ఇంకో మార్పు ఒక్కటే. వెనక గదికి రంగులేస్తున్నారని పరీక్ష బల్లను తెచ్చి పెద్ద హాల్లో కిటికీ దగ్గర పెట్టారు. బల్ల జరిగితే బోర్డుకేం తెలుస్తుందని లీమిన్ దాన్ని లెక్కలోకే తీసుకోలేదు.

సోమవారం దిమ్మ ఊడదీసి, కింద పూసే పేస్టు తుడిచి, కొత్తది పూసింది. మంగళవారం గొట్టాల్లో నీళ్లన్నీ తీసేసి, కడిగి, పంపు మార్చింది. బుధవారం పొద్దున్నుంచీ స్టూలు వేసుకుని మిషను ముందే కూర్చుంది. తెచ్చుకున్న భోజనం డబ్బా కూడా అక్కడే ఒళ్లో పెట్టుకుని తింది. డెబ్బై రెండు. డెబ్బై రెండు. డెబ్బై ఒకటి. పన్నెండున్నరదాకా ఆ గీత చెరువు నీళ్లలా కదలకుండా ఉంది.

పన్నెండున్నరకు, అందరూ ఓ గంట కునుకు తీసే వేళ, హాల్లో దీపాలు ఆర్పాలి. ఆర్పేది లీమినే. తలుపు పక్కనున్న బల్ల ఆమెది, స్విచ్చులు ఆమె చేతికందుతాయి, పదకొండేళ్లుగా ఆ పని ఆమెదే. అరనిమిషం ఆలస్యమైతే అప్పటికే దిండ్లు బల్లల మీద పరుచుకున్న జనం మెడలు తిప్పి చూస్తారు. ఆ రోజు కూడా లేచివెళ్లి దీపాలార్పింది. ఇరవైరెండు మంది బల్లల మీద తలలు పెట్టారు. హాలంతా సద్దుమణిగింది. నిద్ర వేళ ఎవరూ మాట్లాడకూడదు, కీబోర్డు కొట్టకూడదు, ఫోను తీయకూడదు. లీమిన్‌కేమో అప్పుడే అర్జంటుగా ఒకరిని తిట్టాలి. అందుకని మునివేళ్ల మీద బయటికి నడిచి, లిఫ్టు దిగి, వీధి వసారా కింద వానజల్లులో నిలబడి సాన్‌చోంగ్‌కు ఫోన్ చేసింది.

"మేస్త్రీ గారూ, మీ దిమ్మ నా కొంప ముంచుతోంది."

"తిన్నావా అమ్మాయ్?" అన్నాడు మేస్త్రీ. వెనక రేడియో మోగుతోంది.

"తిన్నాను, తిన్నది అరగలేదు. రెండు రోజుల్నుంచి వేడెక్కి చస్తోందండీ. లోపల కాలవ ఎక్కడో పూడిపోయి ఉంటుంది. రాగిపొడి సరిగ్గా కడిగారా లేదా?"

"కడగటమా? నేను తాగే గ్లాసన్నా అంత శుభ్రంగా కడగను. నీళ్లు పోసి దీపం పెట్టి ప్రతి కాలవా చూశాను."

"చూస్తే మరి ఎందుకు ఆగుతోంది?"

"ఏ వేళకి ఆగుద్ది?"

"పన్నెండుముప్పావు ప్రాంతంలో. రోజూ."

"రోజూ అదే వేళకా?"

"అదే వేళకు."

వెనక రేడియో ఆగింది. "ఏమ్మా, రాగికి గడియారం చూడటం వచ్చా?"

లీమిన్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. మూడు రోజులుగా తను తల బద్దలు కొట్టుకుంటుంటే ఈ ముసలాయనకు ఎకసెక్కాలు! "మీకు నవ్వులాటగా ఉంది. మీకు పూచీ ఉన్నదాన్ని నేను. ఈ శుక్రవారం దాటితే మీకూ నాకూ మాటల్లేవు," అని ఫోన్ పెట్టేసింది. పైకి వచ్చేసరికి పన్నెండూ యాభై. చీకట్లో అందరూ నిద్రపోతున్నారు. మిషను చచ్చి ఉంది.

దీపాలు వెలిగించాల్సిన ఒకటిన్నర దాకా ఆగి, వెలిగించి, నేరుగా యెన్‌కు ఉత్తరం కొట్టింది. 'మూడు పరీక్షలూ విఫలం. పేస్టు, పంపు, నీళ్లు మార్చి చూశాం. మిగిలింది దిమ్మ ఒక్కటే. లోపం దిమ్మ కోతలో ఉందని నా నిర్ధారణ.' కింద పేరు. పంపే మీట మీద పెట్టిన వేలు ఒకసారి వెనక్కి తీసుకుంది. అయినా నొక్కింది.

యెన్ పది నిమిషాల్లో వచ్చాడు. ఎప్పుడూ ఇస్త్రీ మడత చెడని మనిషి. "పోనీలే లీమిన్. ముందే చెప్పాను కదా, చేత్తో చేసే పనులు ఇలాగే ఉంటాయని. మేస్త్రీకి నేనే ఫోన్ చేసి చెబుతాలే."

"రేపు ఒక్కరోజు ఆగండి సార్. ఆయన్ని కొత్త దిమ్మ పట్టుకురమ్మంటాను."

"శుక్రవారం సాయంత్రం. ఆ తర్వాత నన్ను అడగొద్దు. ఈలోగా నీ ఉత్తరం ఆయనకు పంపిస్తాను, తన తప్పేమిటో తెలియాలి కదా."

పంపించాడు కూడా.

గురువారం పదకొండున్నరకు లువో మేస్త్రీ వానకోటు లోంచి నీళ్లు కారుతూ హాల్లోకి వచ్చాడు. ఒక చేతిలో గుడ్డలో చుట్టిన దిమ్మ, ఇంకో చేతిలో జామకాయల సంచి. అరవై మూడేళ్లు, గట్టి మనిషి. ఎప్పుడొచ్చినా గడప దగ్గర్నుంచే కేకలేస్తాడు. ఆ రోజు వెయ్యలేదు. జామకాయలు లీమిన్ బల్ల మీద పెట్టి, "ఇదిగో కొత్తది," అని మాత్రం అన్నాడు. అంత తగ్గి మాట్లాడేసరికి లీమిన్‌కు జాలి వేయాల్సింది పోయి ఇంకా చిరాకు పుట్టింది. తప్పు ఒప్పుకున్నట్టే కదా ఇది! ఆ ఒప్పుకునేదేదో నిన్న ఫోన్లో ఒప్పుకుంటే వానలో అరిచే పని తప్పేది.

ఇద్దరూ కలిసి పాతది విప్పి కొత్తది బిగించారు. మేస్త్రీ గొట్టాలన్నీ చేత్తో తడుముతూ పోయాడు.

"నీళ్ల వేడి చూసేది ఏదమ్మాయ్? ఇక్కడ సెన్సర్ ఉండేదిగా."

"అక్కడ కారుతోందని పోయిన నెల తీసేసి బిరడా బిగించాను."

"అంటే వచ్చే నీళ్లు చల్లగా వస్తున్నయ్యో, కాగి వస్తున్నయ్యో తెలీదు. తల పట్టుకు చూసి జ్వరం అంటన్నావు."

"తల వేడిగా ఉంటే జ్వరం కాక మరేమిటండీ?"

"పొయ్యి పక్కన కూకున్నా తల వేడెక్కుద్ది."

"మేస్త్రీ గారూ, నాకిప్పుడు పాఠాలు వద్దు." మిషను మొదలుపెట్టింది. తొమ్మిది ఫ్యాన్లూ హోరుమన్నాయి. డెబ్బై రెండు. మేస్త్రీ పాత దిమ్మను తుడిచి గుడ్డలో చుట్టుకున్నాడు.

పన్నెండుంబావుకు వాన ఇంకా పెరిగింది. "తగ్గిందాకా కూర్చోండి, కానీ ఇది మా నిద్ర వేళ, కదలకండి, మాట్లాడకండి," అని లీమిన్ ఆయనకు కిటికీ దగ్గర స్టూలు చూపించింది. సాన్‌చోంగ్‌లో మేస్త్రీ మధ్యాహ్నం పడుకోడు, ఆయన మిషనూ పడుకోదు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, బడిలో కొత్తగా చేరిన పిల్లాడిలా బిగుసుకుని కూర్చున్నాడు. లీమిన్ తన బల్ల దగ్గరికి పోయి, చెవుల్లో స్పాంజి బిరడాలు దోపుకుని, సరిగ్గా పన్నెండున్నరకు దీపాలార్పి, దిండు మీద తల పెట్టింది. మూడు రోజుల అలసట. రెండు నిమిషాల్లో నిద్ర పట్టేసింది.

ఎవరో భుజం కుదుపుతున్నారు. కళ్లు తెరిస్తే చీకట్లో మేస్త్రీ మొహం, జానెడు దూరంలో. పెదాలు కదులుతున్నాయి. ఒక బిరడా పీకింది.

"... ఆగిపోయినయ్," అంటున్నాడు.

"మిషనా? అప్పుడేనా?"

"మిషను కాదు. ఫ్యాన్లు."

"ఏ ఫ్యాన్లు?"

"ఎన్ని రకాల ఫ్యాన్లున్నయ్ ఇక్కడ? నీళ్లు చల్లార్చే ఫ్యాన్లు. నువ్వు దీపాలార్పావు, అవీ ఆగినయ్. తొమ్మిదికి తొమ్మిదీ."

"ష్‌ష్!" పక్క వరస లోంచి ఎవరో.

లీమిన్ గొంతు తగ్గించి, పళ్లు బిగించి అంది: "అవి బోర్డు మీద ఆధారపడవు మేస్త్రీ. బోర్డు కరెంటుతో నడిపితే కొలతలు చెడతాయని నేనే విడిగా గోడ ప్లగ్గుకు పెట్టించాను. వాటంతట అవి ఆగవు."

"వాటంతట అవి ఆగలా. నువ్వు ఆపావు."

"నేను కుర్చీ లోంచి లేవనే లేదు!"

"స్విచ్చి దగ్గరికి లేవకుండానే చెయ్యి పోయిందిగా!"

"అబ్బా, ఎవరండీ!" ఇంకో మూల నుంచి. ఎవరో దిండు తిరగేసుకున్న చప్పుడు.

"గోడకి ఏ ప్లగ్గులో పెట్టావు?" మేస్త్రీ గుసగుస అందరి కేకల కంటే పెద్దది. "ఆ కిటికీ స్తంభానికున్న ప్లగ్గు చూశాను. దాని తీగ పైకి, లైట్ల పట్టీలోకి పోతాంది. కొత్త సంవత్సరానికి ఎర్ర లాంతర్లు కట్టటానికి పెట్టిందది. లైటు ఆరితే లాంతరూ ఆరాలని కలిపారు. లాంతరు కాడ నా రాగిని కట్టేశావు గదమ్మాయ్!"

లీమిన్ లేచింది. స్విచ్చుల వైపు తిరిగి మొత్తం వరస ఒక్క చేత్తో నొక్కింది. దీపాలు భగ్గుమన్నాయి. హాలు అవతల, కిటికీ దగ్గర, తొమ్మిది ఫ్యాన్లూ ఒక్కసారిగా హోరెత్తాయి. ఆర్పింది. ఆగాయి. వెలిగించింది. హోరు. మళ్లీ ఆర్పింది. ఇరవైరెండు మంది చెంపల మీద దిండు ముద్రలతో లేచి కూర్చుని, పదకొండేళ్లలో అరనిమిషం తేడా రానివ్వని జువాంగ్ లీమిన్‌కు మతి పోయిందనుకుని చూస్తున్నారు.

"ఆగుతున్నాయి," అంది లీమిన్, ఎవరితోనో తెలియకుండా. "నేను ఆర్పితే ఆగుతున్నాయి."

"అవును కదక్కా," అన్నాడు పక్క బల్ల వెన్‌కాయ్, కళ్లు నులుముకుంటూ. నిరుడు చేరిన ఇంజనీరు, మంచివాడు. "సోమవారం నుంచీ ఆపుతున్నారుగా. ఆ హోరులో ఎవరికీ నిద్ర పట్టదని మా కోసమే ఆపుతున్నారనుకున్నాం. అక్క ఎంత మంచిదో అని మేమంతా అనుకున్నాం కూడా."

"అనుకున్నారా?"

"అందరం అనుకున్నాం."

"అనుకున్న ఇరవైరెండు మందిలో ఒక్కళ్లకి, ఒక్కళ్లకన్నా నాతో చెప్పాలనిపించలేదా?"

"నిద్ర వేళ మాట్లాడకూడదు కదక్కా."

లీమిన్ రెండో బిరడా కూడా పీకి బల్ల మీద పడేసింది. వీణ్ణి తిట్టడానికి కూడా లేదు. తను చెవులు మూసుకుని పడుకుంది. నిన్నైతే దీపాలార్పి, హాల్లోనే ఆగిన ఫ్యాన్ల సంగతి చూడకుండా, తప్పు నీదేనని ఒక ముసలాయన్ని తిట్టడానికి నాలుగంతస్తులు దిగివెళ్లింది. తలచుకుంటే సిగ్గుతో చెవులు కాలాయి. మేస్త్రీ వైపు తిరిగింది. ఆయన నవ్వుతాడనుకుంది, గెలిచాను చూడమంటాడనుకుంది. ఆయన అప్పటికే మిషను ఆపి, గుడ్డ మూట విప్పుతున్నాడు.

"ఏం చేస్తున్నారు?"

"కొత్తది విప్పుతున్నా. పాతది పెట్టు."

"ఎందుకండీ? కొత్తది బాగానే ఉందిగా. మళ్లీ నీళ్లు తీయాలి, పేస్టు పూయాలి, గాలి బుడగలు పోవాలి, గంటన్నర పని! ఇప్పుడు మొదలుపెడితేనే రేపు సాయంత్రానికి..."

"నువ్వు తప్పని రాసింది దీన్ని. దీన్నే పెట్టు."

ఇంత మొండి మనిషిని లీమిన్ ఎక్కడా చూడలేదు. విసుక్కుంటూనే నీళ్లు తీసింది. విసుక్కుంటూనే పేస్టు పూసింది. ఫ్యాన్ల తీగను హాలు అవతలి గోడ దాకా ఎక్స్‌టెన్షన్ బోర్డుతో లాగి, ఎవరి కాళ్లకూ తగలకుండా టేపు అంటించింది. రెండున్నరకు మిషను మొదలైంది. డెబ్బై రెండు. మేస్త్రీ జామకాయల్లో ఒకటి తీసి వెన్‌కాయ్‌కిచ్చి, వానలోనే స్కూటరెక్కి వెళ్లిపోయాడు.

శుక్రవారం పన్నెండున్నరకు లీమిన్ దీపాలార్పింది. ఫ్యాన్లు ఆగలేదు. ఇరవైరెండు మంది ఆ హోరులో అటూ ఇటూ దొర్లి, ఒక్కొక్కరే తలలెత్తి, చివరికి ఎవరి ఆశ వాళ్లు వదులుకున్నారు. లీమిన్ చీకట్లో గీత ముందు కూర్చుంది. పన్నెండూ నలభై ఏడు. డెబ్బై రెండు. ఒంటి గంట. డెబ్బై మూడు. రెండున్నరకు ఇరవై నాలుగు గంటలూ నిండాయి. అంతసేపట్లోనూ గీత డెబ్బై నాలుగు దాటలేదు. వెన్‌కాయ్ చప్పట్లు కొట్టాడు, నిద్రలేని ఇంకో నలుగురు పాపం కొట్టారు.

మూడింటికి యెన్ ఒక కాగితంతో వచ్చాడు. మేస్త్రీని కూడా పిలిపించాడు. ముగ్గురూ గాజు గదిలో కూర్చున్నారు.

"చాలా సంతోషం," అన్నాడు యెన్. "దిమ్మ లువో మేస్త్రీదే ఉంటుంది. ఇది మామూలు కాగితం. 'సరఫరాదారు కోతలోని లోపాన్ని సరిదిద్దారు, పరీక్ష నెగ్గింది.' మేస్త్రీ గారు ఇక్కడ సంతకం పెడితే ఇవాళే పైకి పంపిస్తాను."

లీమిన్ కాగితం చదివింది. "సార్, లోపం దిమ్మలో లేదు. పొద్దున మీకు చెప్పాను కదా."

"చెప్పావు. కానీ ప్రదర్శనకు వచ్చేవాళ్లు ఈ కాగితాలన్నీ అడుగుతారు. 'మా ఇంజనీరు నిద్ర కోసం దీపాలార్పి ఫ్యాన్లు ఆపింది' అని రాసి పంపనా? నవ్వుతారు. నీ పేరూ పోతుంది, మన విభాగం పేరూ పోతుంది. ఇలా అయితే ఎవరికీ నష్టం లేదు. ఆయన ఆర్డరు ఆయనకుంటుంది."

ఎవరికీ నష్టం లేదు. అబద్ధమెందుకు, ఆ మాట విన్నప్పుడు లీమిన్ గుండె మీద బరువు దిగినట్టే అయింది. పదకొండేళ్ల పేరు. బుధవారం రాసిన ఆ దిక్కుమాలిన ఉత్తరం. అన్నీ ఒక్క సంతకంతో కప్పబడిపోతాయి. మేస్త్రీ వైపు చూడకుండా అంది: "పెట్టేయండి మేస్త్రీ గారూ. ఒక్క సంతకమేగా. మీ పని మీకు మిగులుతుంది."

మేస్త్రీ కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకుని, కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివాడు. తర్వాత బల్ల మీద పెట్టి, చూపుడువేలితో లీమిన్ వైపు తోశాడు.

"నేను దిద్దిందేమీ లేదు."

"అది మాకు తెలుసండీ. కాగితం కోసం..."

"నీకు తెలుసు. నాకు ఎట్టా తెలియాలి?" ఆయన గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండుననిపించింది లీమిన్‌కు. "బుధవారం నీ ఉత్తరం చదివాను. నువ్వు రాశావు కాబట్టి నిజమే అనుకున్నా. వేరేవాళ్లు రాస్తే చింపి అవతల పారేసేవాణ్ణి. మీకు పంపినవాటితో పాటు చేసినవి పదకొండు దిమ్మలు ఇంట్లో ఉంటే, అన్నీ కొలిచాను. అన్నీ సరిగ్గానే ఉన్నయ్. మళ్లీ కొలిచాను. సరిగ్గానే ఉన్నయ్. ఐతే కొలిచే కళ్లే పోయి ఉంటాయని గురువారం పొద్దున్నే, నీ కాడికి రాకముందు, కళ్ల డాక్టరు దగ్గరికి పోయాను. కళ్లు బాగానే ఉన్నాయన్నాడు. ఇంకేం మిగిలినయ్? చేతులు. నలభై ఏళ్లు రాగి కోసిన చేతులు అబద్ధం చెబుతున్నాయనుకున్నా. చేతులకి ఏ డాక్టరు దగ్గరికి పోవాలమ్మాయ్?"

లీమిన్ ఆయన చేతుల వంక చూసింది.

"మిషను అమ్మేస్తానని తావ్‌యువాన్‌లో ఒకాయనకి చెప్పాను. చూట్టానికి రేపు పొద్దున వస్తన్నాడు." మేస్త్రీ కాగితం మీద వేలు కొట్టాడు. "లోపం దిద్దానని ఇందులో సంతకం పెడితే, ఆయన్ని రావద్దని నేను ఏ నోటితో చెప్పను? ఆర్డరు మీరిచ్చినా, ఇవ్వకపోయినా, దిద్దానని మాత్రం రాయను."

"చూడండి మేస్త్రీ గారూ, అనవసరంగా..." యెన్ మొదలుపెట్టాడు.

"మీరు కాసేపు ఆగండి సార్," అంది లీమిన్.

పదకొండేళ్లలో యెన్‌ను ఆగమనడం అదే మొదటిసారి. యెన్ ఆగిపోయాడు కూడా, ఆశ్చర్యంతో. లీమిన్ కాగితం తన వైపు లాక్కుని, అచ్చు వేసిన వాక్యం మీద అడ్డంగా గీత కొట్టింది. కింద ఖాళీలో రాయడం మొదలుపెట్టింది. 'దిమ్మలో ఎన్నడూ లోపం లేదు. సోమ, మంగళ, బుధ వారాల్లో మధ్యాహ్నం పన్నెండున్నరకు హాలు దీపాలు ఆర్పినప్పుడు, వాటితో కలిపి ఉన్న ప్లగ్గు ద్వారా ఫ్యాన్లు ఆగిపోయాయి. ఆర్పింది నేను. చూసుకోకుండా సరఫరాదారును తప్పుపట్టింది నేను. శుక్రవారం నెగ్గిన దిమ్మ సోమవారం ఓడిందని నేను రాసిన దిమ్మే.' పేరు రాసింది. పైకి చదివి వినిపించింది. 

"ఇది పైకి పోతే నిన్ను నేను కాపాడలేను," అన్నాడు యెన్.

"పంపండి సార్."

యెన్ ఇద్దరి వంకా చూసి, కాగితం మడతపెట్టబోయి, ఇస్త్రీ చొక్కా జేబులో పట్టదని తెలిసి, అలాగే చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు. మేస్త్రీ లేచి, హాల్లోకి నడిచి, సరిగ్గా అందరి మధ్యలో ఆగి, జేబులోంచి ఫోన్ తీశాడు. లోపలికొచ్చినప్పుడు వేసే ఆ పాత కేక మళ్లీ వచ్చింది.

"ఆఁ, నేనే, సాన్‌చోంగ్ లువోని! రేపు రాబాక! మిషను అమ్మట్లా! ... అబ్బే, రేటు కోసం కాదయ్యా, అసలు అమ్మట్లా! ... కారణమా? కారణం ఏందంటే, ఇక్కడో అమ్మాయి దీపం ఆర్పింది! ... దీపం! దీపమయ్యా!"

అవతలాయనకు అర్థమైనట్టు లేదు. మేస్త్రీ మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు, సోమవారం దగ్గర్నుంచి, ఒక్క ముక్క వదలకుండా. హాల్లో ఇరవైరెండు మంది పనులాపి వింటున్నారు. లీమిన్ గాజు గది తలుపు వేసుకోలేదు. చివరిదాకా అక్కడే నిలబడి వింది.